పాట ఎవరిది? - రాక్ బృందాలూ, మన బృందగానమూ

గిటారు కనిపించగానే మొహం చిట్లించుకునే అలవాటు మన అభ్యుదయ రచయితల్లో చాలామందికి ఉంది. ఆ వాద్యం పాశ్చాత్యమనీ, ఆ సంగీతం మత్తుమందనీ, దాన్ని వాయించే కుర్రవాళ్ళు కష్టమంటే ఏమిటో తెలియని మధ్యతరగతి పిల్లలనీ మూడు ముక్కల్లో తీర్పు అయిపోతుంది. సాహిత్య పత్రికకు ఈ గొడవతో పనేమిటని అడిగేవారూ ఉంటారు. పాట సాహిత్యంలో భాగమే అని మనం ఒప్పుకుంటే, ఆ పాటను ఎవరు రాస్తున్నారు, ఎవరు పాడుతున్నారు, చివరకు అది ఎవరి సొత్తు అవుతోంది అన్నవి సాహిత్య విమర్శ అడిగి తీరవలసిన ప్రశ్నలు. రాక్ బృందాల పుట్టుకా, ఎదుగుదలా, పతనమూ ఈ ప్రశ్నల చుట్టూనే జరిగాయి. అందుకే వాటిని గురించి రాస్తున్నాను.

ముందుగా 'బ్యాండు' అనే మాట సంగతి చూద్దాం. మా గుండుగొలను ప్రాంతంలో బ్యాండు అంటే పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే మేళం. క్లారినెట్టు, బాకా, డ్రమ్ములు - ఇవన్నీ తెల్లవాళ్ళ పటాలాల నుంచి మనకు వచ్చినవే. వాటిని ఎవరూ పాశ్చాత్యమని ఆక్షేపించరు. పద్యనాటకానికి ప్రాణమైన హార్మోనియం ఐరోపా నుంచి వచ్చింది; కచేరీలో పక్కవాద్యమైన వయొలిన్ కూడా అక్కడిదే. వాద్యం ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఎవరి చేతిలో ఏం పలుకుతున్నదన్నది ప్రశ్న కావాలి.

బ్యాండు మేళం తరువాతి మెట్టు ఆర్కెస్ట్రా. ఏలూరు మొదలుకొని తాడేపల్లిగూడెం దాకా తీర్థాలలో, జాతరలలో, పెళ్ళి పందిళ్ళలో ఈ ఆర్కెస్ట్రాలు మనకు బాగా పరిచయమే. కీబోర్డు ఒకరు, ప్యాడ్లు ఒకరు, గాయకుడు, గాయని. వీరిలో కొందరి ప్రతిభ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక్కసారి వింటే చాలు, వరుస పట్టేస్తారు. అయితే వారికి దక్కే అతి పెద్ద మెచ్చుకోలు ఏమిటి? 'అచ్చం బాలు గొంతులాగే ఉంది' అన్న మాట. తన గొంతు తనదిలా లేకపోవటమే ఆ కళాకారుడి ఘనత! పరాయీకరణకు ఇంతకంటే చక్కని ఉదాహరణ వెతకనక్కరలేదు. తప్పు ఆ కళాకారులది కాదు. సొంత పాట పాడితే వినేవారుండరనీ, వినేవారు లేకపోతే మళ్ళీ పిలుపు రాదనీ వారికి తెలుసు.

ఈ పరిస్థితికి మూలం సినిమా పాట తయారయ్యే పద్ధతిలో ఉంది. అక్కడ సందర్భం దర్శకుడిది, బాణీ సంగీత దర్శకుడిది, మాట కవిది, గొంతు గాయకుడిది, పెదవులు నటుడివి. వాయించిన పాతిక, ముప్ఫైమంది పేర్లు సాధారణంగా ఎక్కడా కనపడవు. ఇన్ని చేతులు పడిన ఆ సరుకు మీద హక్కు మాత్రం చాలాకాలం పెట్టుబడి పెట్టినవాడిదే. రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా తీసివేయటానికి వీలులేని హక్కని మన కాపీరైటు చట్టం చెప్పటానికి 2012 సవరణ దాకా ఆగవలసి వచ్చింది. ఈ పద్ధతిలో గొప్ప పాటలు రాలేదని నేననటం లేదు. శ్రీశ్రీ, ఆరుద్ర వంటివారు ఆ పద్ధతిలోనే మంచి పాటలు రాశారు. కానీ ఫ్యాక్టరీలో శ్రమ ఎలా ముక్కలవుతుందో ఇక్కడా అలాగే ముక్కలవుతుంది. రాసినవాడికి పాడేవాడు తెలియదు, వాయించేవాడికి కథ తెలియదు.

రాక్ బృందం తెచ్చిన మార్పు ఈ శ్రమ విభజనలోనే ఉంది. దాని హోరు మనకు వెంటనే వినిపిస్తుంది కనుక దాన్ని హోరుగానే గుర్తిస్తాం. దాని అసలు విశేషం, నలుగురైదుగురు కలిసి కూర్చుని తామే రాసుకుని, తామే వరుస కట్టుకుని, తామే వాయించి, తామే పాడటం. ఇప్పుడు 'క్లాసిక్ రాక్' అని పిలుస్తున్నది ప్రధానంగా 1960, 70 దశకాల సంగీతం. ఆ పేరు పెట్టింది 1980 దశకంలో అమెరికా రేడియో స్టేషన్లు. అది సరుకు మీద అంటించిన చీటీ. ఆ చీటీ కిందనున్న చరిత్ర వేరు. దాని వేళ్ళు అమెరికాలో బానిసల సంతతివారైన నల్లజాతి ప్రజల బ్లూస్ పాటల్లో ఉన్నాయి. 1962లో లండన్‌లో ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ బృందం తన పేరును మడ్డీ వాటర్స్ అనే నల్లజాతి గాయకుడి పాట నుంచే తీసుకుంది. ఆ నల్లవారి పాటతో తెల్లవారి కంపెనీలు కోట్లు గడించిన మాట కూడా నిజమే. రాక్ సంగీతాన్ని సామ్రాజ్యవాద సంస్కృతి అని ఒక్క మాటలో కొట్టిపారేసేవారు ఈ దోపిడీకి గురైనవారిని కూడా దోపిడీదారుల పద్దులోనే రాస్తున్నారు.

బీటిల్స్ ఉదాహరణ చూడండి. లివర్‌పూల్ అనే ఓడరేవు పట్నంలో, 1960లో, శ్రామిక, దిగువ మధ్యతరగతి కుటుంబాల పిల్లలు కట్టుకున్న బృందమది. 1963లో వచ్చిన వారి తొలి ఆల్బంలో 14 పాటలుంటే అందులో సొంతవి 8. మిగతా 6 ఇతరులవి. మరుసటి సంవత్సరం వచ్చిన 'ఎ హార్డ్ డేస్ నైట్'లో 13కు 13 సొంతవే. మన ఆర్కెస్ట్రా పిల్లలు దాటలేకపోతున్న గీత అదే. ఒక్క సంవత్సరంలో వారు అనుకరణ నుంచి రచనకు వచ్చారు. 1966లో ఊరూరా కచేరీలు మానుకున్నారు, 1970లో విడిపోయారు. ఇంతటి పేరు, ఇంతటి డబ్బు చూసినవారు సైతం తమ పాటలను కాపాడుకోలేకపోయారు. 1969లో వారి పాటల ప్రచురణ హక్కులున్న కంపెనీ మరో పెద్ద కంపెనీ చేతికి వెళ్ళిపోయింది. కలిసి రాసుకున్నంత మాత్రాన పాట రాసినవారిది కాదన్నమాట. సృష్టి ఎవరిది, స్వామ్యం ఎవరిది అన్నవి రెండు వేరు ప్రశ్నలు.

ఇదంతా ఎక్కడో జరిగిన కథ, మనకేమిటి అనవచ్చు. మనకు ఇటువంటి బృందాలు కొత్త కాదని చెప్పటానికే ఇంత దూరం వెళ్ళాను. మన బుర్రకథ దళం ఎలా ఉంటుంది? మధ్యలో కథకుడు, భుజాన తంబుర, బొటనవేలికి అందె. అటూ ఇటూ ఇద్దరు వంతలు, చేతుల్లో డక్కీలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ముగ్గురూ పాడతారు, ముగ్గురూ వాయిస్తారు, ముగ్గురూ ఆడతారు. పాతకథను ఈనాటి సంగతికి ముడిపెట్టే పని రాజకీయ వంతది. ఆ బరువును జనం మోయగలిగేటట్టు చేసే పని హాస్యగాడిది. ముగ్గురిలో ఏ ఒక్కరు తప్పుకున్నా కథ కుంటుపడుతుంది. శ్రమ ఉంది, విభజన ఉంది, కానీ పరాయితనం లేదు.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఆ సంవత్సరమే ప్రజానాట్య మండలి కూడా రూపుదిద్దుకుంది. పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఆ ఉద్యమంలోనే కొత్త పదును పెట్టి, బెంగాల్ కరువునూ, అల్లూరి సీతారామరాజునూ జనం గుండెల్లోకి తీసుకువెళ్ళారు. 1948 తరువాత నిర్బంధం పెరిగింది. కళాకారులు చెల్లాచెదురయ్యారు. చాలామందికి మద్రాసు సినిమా రంగమే దిక్కయింది. డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' సినిమా తీశారు. నాజర్ బుర్రకథ 1954లో 'అగ్గిరాముడు' సినిమాలో కనిపించింది. సినిమాకు వెళ్ళటాన్ని ద్రోహమని నేననను. ఆకలికి, అరెస్టుకు మధ్య నిలబడినవారికి మనం నీతులు చెప్పనక్కరలేదు. గమనించవలసింది ఒకటుంది. బృందాన్ని బృందంగా సినిమా ఎన్నడూ తీసుకోదు. అందులో నుంచి ఒక గొంతునో, ఒక మొహాన్నో, ఒక వరుసనో ఏరుకుంటుంది. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. అర్హమైన గౌరవం. ఆయన పక్కన నిలబడి డక్కీ వాయించిన వంతల పేర్లు మనలో ఎంతమందికి గుర్తున్నాయి? సినిమాను తప్పుపట్టే మనం కూడా ఈ లెక్కలో సినిమావారి దారినే నడిచాం.

జననాట్య మండలి విషయంలోనూ ఇంతే. 1972లో మొదలైన ఆ బృందం గోచీ, గొంగడి, గజ్జెలతో ఒక కొత్త రంగస్థల భాషనే సృష్టించింది. మనం మాత్రం ఆ చరిత్రను గద్దర్ అనే ఒక్క పేరు దగ్గర ఆపేస్తాం. 2023లో ఆయన కన్నుమూసినప్పుడు వచ్చిన వ్యాసాలు తిరగేసి చూడండి. బృందంలో మిగతావారెవరో వెతుక్కోవలసి వస్తుంది. వంగపండు ప్రసాదరావు రాసిన 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' పాట పల్లవి 2009లో 'మగధీర' సినిమా పాటలో వినిపించి వివాదమయింది. ఉద్యమంలోకి రమ్మని పిలిచిన పిలుపు నృత్యగీతంలో ఊతపదమయింది. పాట ఎవరిది అన్న ప్రశ్నను ఇంత మొరటుగా మన ముందు పెట్టిన సంఘటన మరొకటి నాకు గుర్తు లేదు.

మన దేశంలో రాక్ బృందం ప్రజల భాషలో ఎలా ఏర్పడింది, ఎలా మారింది అని చూడాలంటే బెంగాలుకు వెళ్ళాలి. 1970 దశకం నడిమిలో కలకత్తాలో 'మొహీనేర్ ఘొరాగులి' అనే బృందం ఏర్పడింది. ఆ పేరుకు 'మొహీన్ గుర్రాలు' అని అర్థం. జీవనానంద దాస్ కవిత నుంచి ఆ మాట తీసుకున్నారు. ఒక రాక్ బృందం తన పేరును తన భాషలోని ఆధునిక కవి దగ్గర అడిగి పుచ్చుకోవటం గమనార్హం. దాని నాయకుడు గౌతమ్ చట్టోపాధ్యాయ్ నక్సల్బరీ ఉద్యమంతో నడిచి జైలు చూసివచ్చినవాడు. ఏడుగురు సభ్యులు. గిటారు, వయొలిన్, వేణువు, వాటితోపాటు బావుల్ గాయకుల వరుసలు. వస్తువు? కలకత్తా వీధులు, నిరుద్యోగం, నగరంలో మనిషి ఒంటరితనం. అప్పటి బెంగాలీ పాటలో ప్రేమకూ ప్రకృతికీ ఉన్న చోటు వీటికి లేదు.

1977, 1978, 1979 - మూడు సంవత్సరాల్లో మూడు చిన్న రికార్డులు. పెద్దగా అమ్ముడుపోలేదు. సంప్రదాయవాదులకు అది పాటలాగే వినపడలేదు. 1981కల్లా బృందం విడిపోయింది. బతుకుతెరువు కోసం ఎవరిదారిన వారు వెళ్ళారు. ఇక్కడితో కథ ముగిసిపోయి ఉంటే అది మరొక వైఫల్యం మాత్రమే. కానీ 1995లో గౌతమ్ ఒక పని చేశాడు. పాత బృందాన్ని లేపి నిలబెట్టే ప్రయత్నం చేయకుండా, కొత్తతరం గాయకులనూ బృందాలనూ పోగుచేసి, పాతవీ కొత్తవీ పాటలు వారిచేత పాడించి ఒక ఆల్బం తెచ్చాడు. దాని పేరు కూడా జీవనానందుడి కవితనుంచే తీసుకున్నాడు. అది జనంలోకి వెళ్ళింది. ఆ వరుసలో మరో మూడు వచ్చాయి. 1999లో ఆయన చనిపోయేనాటికి బెంగాలీ బ్యాండు అన్నది ఒక సాహిత్య ప్రక్రియ అన్నంతగా స్థిరపడింది. 1981లో ఒక బృందంగా చనిపోయింది పద్నాలుగేళ్ళ తరువాత ఒక సంప్రదాయంగా పుట్టింది. తన పాటను ఇతరుల గొంతుకిచ్చే ఔదార్యం వల్లనే అది సాధ్యమయింది.

ఆ 1995 ఆల్బంలోని ఒక పాట బాణీ ఆధారంగా 2006లో 'గ్యాంగ్‌స్టర్' అనే హిందీ సినిమాలో ప్రేమగీతం వచ్చింది. దేశమంతా పాడుకుంది. ప్రపంచం చిన్నదైపోతూ మనిషికి మనిషి దూరమవుతున్నాడని వాపోయిన పాట అది. హిందీలో అది వానలో తడిసిన రాత్రుల విరహమయింది. బాణీ మిగిలింది, అర్థం రాలిపోయింది. వంగపండు పల్లవికి జరిగింది కూడా ఇదే కదా.

మరి మన తెలుగులో? ఇంగ్లీషు పాటలు వాయించే బృందాలు హైదరాబాదులో చాలాకాలంగా ఉన్నాయి. తెలుగులో సొంతంగా రాసుకుని పాడి, ఊళ్ళలో కూడా పేరు వినపడేటట్టు చేసిన వాటిలో 'చౌరస్తా' ఒకటి. 2010 తరువాతి దశాబ్దం చివరలో ఆ బృందం పాటలు వ్యాపించాయి. జమైకా పేదల వాడల్లో పుట్టిన రెగే లయనూ, మన జానపదపు యాసనూ కలిపి రామ్ మిరియాల, అతని మిత్రులు పాడారు. 'ఊరెళ్ళిపోతా మామ' అన్న పాట మా బడి పిల్లల నోట కూడా విన్నాను. పట్నం చేరినవాడు ఊరికి తిరిగి పోతానంటాడు. విమర్శకుడిగా ఈ వస్తువు మీద నాకొక అభ్యంతరం ఉంది. ఊరంటే చల్లని నీడ అన్న భావన మన భావకవుల కాలం నుంచీ నడుస్తున్నదే. ఆ ఊళ్ళో భూమి ఎవరిది, నీడ ఎవరికి అన్న ప్రశ్న వేయకుండా ఊరి మీద బెంగపడటం సగం సత్యమే. అయినా పాటకు కాలం కూడా అర్థాన్నిస్తుంది. 2020 వేసవిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వేలాది వలస కూలీలు పిల్లలను చంకనేసుకుని రహదారుల వెంట నడిచి ఊళ్ళకు పోయారు. అప్పుడు ఆ పాట వింటే అది బెంగగా వినపడలేదు, అభియోగంగా వినపడింది. అదే సంవత్సరం కరోనా జాగ్రత్తల మీద ఆ బృందం చేసిన పాట జనంలో బాగా తిరిగింది. సినిమా హాళ్ళు మూసివున్న రోజుల్లో, ఏ నిర్మాతా అడగకుండా, ఆనాటి అవసరానికి ఆనాడే పాట కట్టటం బుర్రకథ దళం చేసిన పనే.

ఆ తరువాత ఏమయింది? రామ్ మిరియాల సినిమాల్లో ప్రసిద్ధుడయ్యాడు. 2022లో 'డీజే టిల్లు' పాటతో ఆ పేరు ఇంటింటికీ వెళ్ళింది. ప్రతిభకు దక్కిన గుర్తింపుకు సంతోషించవలసిందే. ఆ పాట తెలిసినవారిలో 'చౌరస్తా' తెలిసినవారెందరు, బృందంలో గిటారు వాయించినవారి పేరు తెలిసినవారెందరు అని అడిగితే మాత్రం మళ్ళీ 1953 దగ్గరికే వస్తాం. మద్రాసు స్థానంలో హైదరాబాదు, అంతే.

'స్వతంత్ర బృందం' అన్న మాటను కూడా కొంచెం తడిమి చూడాలి. దేని నుంచి స్వతంత్రం? నిర్మాత నుంచి అయితే సరే. నేడు పాటను యూట్యూబులో పెట్టాలి. అక్కడ ఏది పదిమందికి చేరాలో, ఏది చేరకూడదో నిర్ణయించేది మరొక కంపెనీ. ఎన్నిసార్లు చూశారన్న అంకె కొత్త నిర్మాత. ఆ అంకె కోసం పాట పొట్టిదవుతుంది, మొదటి పదిక్షణాల్లోనే పల్లవి రావాలంటుంది. కాబట్టి స్వాతంత్ర్యం అనేది గిటారుతోపాటు కొనుక్కుని వచ్చేది కాదు. వినేవారు పక్కనే ఉండి, బృందాన్ని తమదిగా పోషించుకున్నప్పుడే అది నిలుస్తుంది. బుర్రకథ దళానికి గింజలు కొలిచి, భోజనం పెట్టి, పడుకోవటానికి అరుగు చూపించిన ఊరు దానికి ఆర్థిక పునాది. ఆ పునాది పోయింది. కొత్తది మనం కట్టలేదు.

కట్టవలసిన అవసరం ఉందా? మా కొల్లేటినే తీసుకోండి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు, 2002లో రాంసార్ జాబితాలో చేర్చారు, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఈ మధ్యలో సరస్సు పోయింది ఎవరివల్ల, బతుకు పోయింది ఎవరికి? పెద్ద చెరువుల లీజుదారుడు, వలేసి బతికే కొల్లేటి మనిషి, ఒకే లెక్కలో పడతారా? ఈ చిక్కు సినిమా పాటకు వస్తువు కాలేదు. అక్కడ ముందు ఒక కథానాయకుడు కావాలి, అతనికొక సందర్భం కావాలి. మన వచన కవి దీన్ని రాస్తాడు, పత్రికలో అచ్చవుతుంది, సాటి కవులు చదువుతారు. కొల్లేటి మనిషికి అది చేరదు. నలుగురు కలిసి రాసి, వాయించి, ఆ లంక గ్రామాల్లోనే నిలబడి పాడేది ఏదైనా కావాలి. డక్కీతో పాడితే మరీ మంచిది. గిటారుతో పాడితే అభ్యంతరమెందుకు?

మన సంఘాల ముందు నేను మూడు విషయాలు పెడుతున్నాను. ఒకటి, మన సభల్లో పాట స్థానం మారాలి. జనం చేరేదాకా, ముఖ్య అతిథి కారు వచ్చేదాకా కాలక్షేపానికి పాట పాడించే ఆచారం ఇప్పటికైనా మానుకుందాం. పాట మీద కూడా కథ మీద జరిగినంత చర్చ జరగాలి. రెండు, కవి తన కవితను బృందానికిచ్చి చేతులు దులుపుకోకుండా సాధన జరిగేచోట కూర్చోవాలి. వరుసకు లొంగని మాటను తాను మార్చుకోవాలి, మాటకు లొంగని వరుసను వారిచేత మార్పించాలి. వచన కవిత వచ్చిన తరువాత మన కవికి గొంతుతో ఉన్న చుట్టరికం తెగిపోయింది. అది మళ్ళీ కలవటానికి ఇంతకంటే దగ్గర దారి లేదు. మూడు, ఏ బృందం గురించి రాసినా, కరపత్రం వేసినా, శాలువా కప్పినా అందరి పేర్లూ ఉండాలి. డప్పు కొట్టినవారి పేరు, డ్రమ్ము వాయించినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు. సమష్టి శ్రమను గురించి నిత్యం రాసే మనకు ఇది కనీస మర్యాద.

ఏలూరులోనో గూడెంలోనో ఈరోజు నలుగురు పిల్లలు ఒక అద్దెగదిలో తలుపులు వేసుకుని సొంత పాట కట్టుకుంటూ ఉంటే, అది మొదట్లో బాగుండకపోవచ్చు. మాటలు పేలవంగా ఉండవచ్చు, లయ తప్పవచ్చు, ఆలోచన సగంలో ఆగిపోవచ్చు. బాగుండలేదని చెప్పటానికైనా ముందు మనం వెళ్ళి వినాలి.